ఏ చెట్టు? – పిల్లల రాతపనులు చదివేవాళ్లు కావాలని ఒక బహిరంగ లేఖ

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు నడిపే పెద్దలకు, తెలుగు పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారికి, పిల్లల నోటుపుస్తకాల మీద ఎర్రపెన్నుతో సంతకం పెట్టే తెలుగు ఉపాధ్యాయులకు,

నమస్కారం.

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మీడియంలో చదివాను. సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఇందులో రాసేవి బడిలో, కాలేజీలో, ఆ అరుగు మీద నేను చూసినవి.

నిరుడు మేం పదకొండుమందిమి, అందరం ఆ బడిలో చదివినవాళ్లమే, కూర్చుని ఒక అర్జీ రాశాం. పిల్లల రాతపనులు ఎవరూ చదవడం లేదు, చదివే ఏర్పాటు చేయండి అన్నది దాని సారాంశం. ఒక సోమవారం జిల్లా కేంద్రానికి వెళ్లి ఇచ్చి వచ్చాం. రసీదు ఇచ్చారు. ఇరవై రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని వెళ్తే "సంబంధిత పాఠశాలకు పంపాం" అన్నారు. బడికి వెళ్లి అడిగితే అక్కడికి ఏ కాగితమూ రాలేదు. రాతపనులు చదవడం లేదని రాసిన అర్జీని కూడా ఎవరూ చదవలేదన్నమాట. కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

మొన్న ఎఫ్‌ఏకి (బడిలోనే పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌కు) తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మీ ప్రాంతపు కవి గురించి వివరాలు సేకరించి నివేదిక రాయాలి. నా దగ్గరికి వచ్చే ఆరుగురూ ఆరు ప్రింట్లు పట్టుకొచ్చారు. మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌లో అట్టతో సహా 60 రూపాయలట. ఆరింటిలోనూ ఒకే కవి, ఒకే ఫొటో, మూడో పేజీలో ఒకే అచ్చుతప్పు. అట్ట మీద పేర్లు మాత్రం వేరు. ఆరుగురికీ ఐదుకు ఐదు మార్కులు పడ్డాయి.

"ఈయనది మన దిక్కేనా?" అని అడిగాను.

"ఏమో అక్కా, సెంటర్ అన్న ఇచ్చిండు" అంది ఒకమ్మాయి.

మా బడి గోడకు అవతలే ఒగ్గుకథ చెప్పే తాత ఇల్లు ఉంది. సాయంత్రమైతే అరుగు మీద బీడీ తాగుతూ, ఎవరైనా పలకరిస్తే బాగుండునన్నట్టు కూర్చుంటాడు. ఒక్క పిల్ల కూడా ఆయన్ని అడగలేదు. పిల్లలను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ల వయసులో నేనూ సెంటర్ అన్న దగ్గరికే పోయాను. ఎవరూ చదవరని తెలిసిన కాగితం కోసం ఎవరు కష్టపడతారు?

నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే కింద అడిగే వాటికి అర్థం ఉండదు.

కరోనా తర్వాత మా బడి 2021 సెప్టెంబరు 1న తెరిచారు. అంతకుముందు మధ్యలో కొన్ని వారాలు తప్ప ఏడాదిన్నరగా ఇంట్లోనే ఉన్నాం. పదో తరగతిలో మేం 38 మందిమి. తెలుగు సార్ మొదటి వారమే ఒక రాతపని ఇచ్చారు: చెట్టు ఆత్మకథ రాయండి. గైడులో ఉన్నదే కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. మర్నాడు సార్ ఒక్కొక్కరి పుస్తకంలో మొదటి వాక్యం మాత్రం చదివారు. "నేను చెట్టును. మానవులకు ప్రాణవాయువును ఇస్తాను." రెండో పుస్తకంలో అదే. ఐదో పుస్తకంలో అదే. పదో పుస్తకానికి వచ్చేసరికి క్లాసంతా నవ్వుతోంది. సార్ నవ్వలేదు, తిట్టలేదు. "ఏ చెట్టు?" అన్నారు.

ఎవరికీ జవాబు తెలియలేదు. చెట్టంటే చెట్టే కదా.

"వేపనా, తుమ్మనా, చింతనా? ఎవరింటి వెనకది? దాని కింద ఎవరు కూర్చుంటారు? అది చెప్పి మళ్లీ రాయండి."

నేను మా ఇంటి వెనక చింతచెట్టు గురించి రాశాను. మా నానమ్మ దాని కిందే కూర్చుని చింతకాయలు కొట్టి, గింజ తీసి, పండును ముద్దలు చేసి అమ్మేది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బాపు ఆ చెట్టును ఇటుక బట్టీవాళ్లకు అమ్మేశాడు. ట్రాక్టరు పోయాక ఆ రాత్రి నానమ్మ అన్నం తినలేదు. తెల్లారి లేచి, చెట్టు లేకపోయినా, ఎప్పటి జాగాలోనే చాప వేసుకుని కూర్చుంది. అంతే రాశాను. మొదటిసారి రాసినప్పుడు చివర "చెట్లను నరకరాదు, పర్యావరణాన్ని కాపాడాలి" అని ఒక పేరా కలిపితే సార్ దాని మీద అడ్డంగా గీత కొట్టి, "నానమ్మ చాప వేసుకుంది కదా, ఇంకేం చెబుతావు" అని పక్కన రాశారు. ఐదుకు మూడు మార్కులే వేశారు, ఒత్తులు తప్పుపోయాయని. ఆ మూడు మార్కుల కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

నేను మరిచిపోలేని రెండో రాతపని డిసెంబరులో. వానాకాలం వడ్లు కొనుగోలు కేంద్రానికి పోయిన రోజులు. "మీ ఇంట్లో జరిగిన ఒక లెక్క రాయండి. అందులో మీకు అర్థం కానిది ఏమిటో కూడా రాయండి" అన్నారు. మావి 92 బస్తాలు. బస్తాకు 40 కిలోలు. తేమ 17 శాతం లోపే ఉన్నా, తాలు ఉందని, మట్టి ఉందని బస్తాకు 2 కిలోలు తరుగు తీశారు. అంటే 184 కిలోలు. ఆ ఏడాది ఎ-గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 1,960 రూపాయలు. మాకు తగ్గింది 3,606 రూపాయలు. ఈ లెక్క వేసి, కింద "ఇది ఘోరమైన అన్యాయం" అని రాసి ఇచ్చాను. బాగా రాశానని నా నమ్మకం.

సార్ "అన్యాయం" కింద గీత గీసి రాశారు: "కావచ్చు. ఆ రెండు కిలోలు ఎవరి దగ్గరికి పోయాయి? కనుక్కుని మళ్లీ రాయి."

కనుక్కోవడం మొదలుపెట్టాను. మహిళా సంఘం నుంచి కేంద్రంలో కూర్చునే అక్కను అడిగితే మిల్లుకు పోయాక అక్కడ కోత పెడతారు, ముందే తీయకపోతే ఆ నష్టం మా మీద పడుతుంది అంది. హమాలీ కాంటా దగ్గర సంచి బరువు గురించి చెప్పాడు. లారీ డ్రైవరు మిల్లు దగ్గర మూడు రోజులు లారీ ఆగితే వడ్లు ఎండి బరువు తగ్గుతాయన్నాడు. బాపు అయితే "ఎవరి దగ్గరికి పోతే ఏంది బిడ్డా, మన దగ్గరికైతే రాలే" అన్నాడు. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఎవరి మాట నిజమో తేల్చలేకపోయాను కానీ, ఎక్కడెక్కడ ఏం అడగాలో తెలిసింది. రెండోసారి రాసినదాంట్లో "అన్యాయం" అన్న మాట లేదు. దాని బదులు నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. బాపు ఆ కాగితం జేబులో పెట్టుకుని పోయి మరుసటి పంటకు కాంటా దగ్గర ఆ ప్రశ్నలే అడిగాడు. తరుగు తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ ఎంత తీశారో రసీదు మీద రాసిచ్చారు. మా ఇంట్లో అదే మొదటిసారి.

ఈ లేఖ కూడా మూడోసారి తిరగరాసింది. మొదటి ప్రతిలో నిండా "అన్యాయం" అనే ఉంది.

ఇక రాతపనులకూ ప్రాజెక్టులకూ బడిలోనే వేసే, మీరందరూ వాదించుకునే ఇరవై ఇంటర్నల్ మార్కుల సంగతి. 2024 నవంబరు చివర్లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి నూరు మార్కులకూ పరీక్షే అన్నారు. చదువు సగమయ్యాక మార్పేమిటని అందరూ అడిగేసరికి, మర్నాడే ఆ ఏడాదికి పాత పద్ధతే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ఆ మార్కులు తీసేశారు. రెండుచోట్లా వినబడిన మాట ఒకటే: ప్రైవేటు బళ్లు అందరికీ 20కి 20 వేసేస్తున్నాయి. నిజమే, వేస్తున్నాయి. ప్రభుత్వ బళ్లలో కూడా వేస్తున్నారు, ఆ ఆరు ప్రింట్ల సంగతి పైన చెప్పాను. కానీ దొంగ తూకం వేస్తున్నారని కాంటానే తీసి పారేస్తారా? ఉంచాలన్నవాళ్లూ తీసేయాలన్నవాళ్లూ మార్కుల గురించే మాట్లాడారు. ఆ మార్కులకు పిల్లలు ఏం రాస్తున్నారు, దాన్ని ఎవరు చదువుతున్నారు అని ఒక్కరూ అడిగినట్టు నేను వినలేదు.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహనను, దాన్ని వాడుకునే శక్తిని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలంటుంది. తెలుగు పరీక్షలో "వ్యక్తీకరణ – సృజనాత్మకత" అని ఒక భాగమే ఉంది. కరపత్రం, లేఖ, సంభాషణ, ఆత్మకథ, ఇంటర్వ్యూ ప్రశ్నలు. ఎంతో ఆలోచించి పెట్టినవి. గైడులవాళ్లు ఇంకా ఎక్కువ ఆలోచించి అన్నింటికీ జవాబులు అచ్చేశారు. మా ట్యూషన్‌లో ఒక అబ్బాయికి పదిహేను కరపత్రాలు కంఠస్థం. ప్లాస్టిక్ మీద అడిగితే ప్లాస్టిక్, నీటి పొదుపు మీద అడిగితే నీటి పొదుపు. పోయినసారి పేరు మార్చడం మరిచిపోయి నీటి పొదుపు కరపత్రంలో "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అని రాశాడు. మార్కులు పడ్డాయి.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నది:

1. మా పక్కింటి వదిన పదో తరగతి పాసైంది. తెలుగులో మంచి గ్రేడే వచ్చింది. భర్త పోయాక వితంతు పింఛనుకు అర్జీ పెట్టాల్సి వస్తే, తహశీల్దార్ ఆఫీసు ముందు కూర్చుని రాసేవాళ్లకు 100 రూపాయలు ఇచ్చి రాయించుకుంది. వాళ్లు తేదీ తప్పు రాశారు. ఆ కాగితం వెనక్కొచ్చింది, ఇంకోటి రాయించింది. మూడు నెలలు తిరిగింది. కూలి పోయిన రోజులు లెక్కపెడితే ఎంతవుతుందో మీరే చూసుకోండి. తన సంగతి తాను నాలుగు వాక్యాల్లో రాసుకోగలిగి ఉంటే ఆ కాగితం మొదటిరోజే తీసుకునేవారు. ఆమె తెలివితక్కువది కాదు. పదేళ్లు బడికి పోయినా, తన సంగతి రాయమని అక్కడ ఎవరూ అడగలేదు.

2. ఇంటర్‌లో నేను సంస్కృతం తీసుకున్నాను. మార్కులు వస్తాయని కాలేజీలో అందరినీ అదే తీసుకోమన్నారు. 98 వచ్చాయి. ఇప్పుడు ఒక్క శ్లోకానికి అర్థం చెప్పమంటే చెప్పలేను. సంస్కృతం తప్పేం లేదిందులో, ఆ భాషకే అవమానం ఇది. ఆ రెండేళ్లలో ఏ భాషలోనూ నా సొంత వాక్యం ఒక్కటి రాయలేదు.

3. ప్రభుత్వ బళ్లలో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఆ పిల్లలు ఇప్పుడు పెద్ద తరగతుల్లోకి వచ్చేశారు. సైన్సు, సోషల్ ఇంగ్లిష్‌లో బట్టీ పడుతున్నారు, వేరే దారి లేదు వాళ్లకు. ఇంట్లో మాట్లాడే మాటలో ఆలోచించి రాసే చోటు ఇక తెలుగు పీరియడ్ ఒక్కటే. అది కూడా గైడుకు పోతే వాళ్లు ఎక్కడ రాయాలి?

4. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సేకు 150 మార్కులున్నాయి. బడిలో ఊరికే రావాల్సింది కోచింగ్ సెంటర్‌లో డబ్బు పెట్టి నేర్చుకుంటున్నారు. డబ్బు లేనివాళ్లు అక్కడే ఆగిపోతున్నారు.

5. ఇప్పుడు నెట్ సెంటర్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఏఐని అడిగితే చెట్టు ఆత్మకథ అర నిమిషంలో వస్తుంది. గైడుకన్నా బాగుంటుంది, నిజం చెప్పాలి. అందులోనూ ఏ చెట్టో ఉండదు.

తెలుగువాళ్లకు పిల్లల వ్యాసరచన చిన్న విషయం కాదు. 1914లో ఇంటర్ విద్యార్థులు ఏ తెలుగులో, గ్రాంథికంలోనా వాడుకలోనా, వ్యాసం రాయాలన్న దాని మీద మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీ నిర్ణయానికి ఒప్పుకోక గురజాడ అప్పారావు గారు పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. గిడుగు రామమూర్తి గారు బడిపిల్లల భాష కోసం ఎంత పోరాడారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆగస్టు 29న గిడుగు వారికి, సెప్టెంబరు 9న కాళోజీ గారికి దండలు వేస్తున్నాం. ఆ రెండు రోజులూ స్టేజీ ఎక్కే పిల్లలు బట్టీపట్టిన ప్రసంగమే చెబుతారు. పోయినేడు రాసిచ్చింది నేనే, ఒప్పుకుంటున్నాను.

టీచర్లకు ఒక మాట. ఈ లేఖ మీ మీద ఫిర్యాదు అనుకోకండి. మీ లెక్క కూడా వేసి చూశాను. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, తరగతికి 40 మంది అనుకుంటే 200 పుస్తకాలు. ఒక్కో రాతకు 5 నిమిషాలు పెట్టినా 1,000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. పైన చెప్పిన విద్యాహక్కు చట్టమే టీచరుకు పాఠం చెప్పడం, సిద్ధం కావడం కలిపి వారానికి 45 గంటలు అంది. అందులో మూడో వంతుకు పైగా ఇదే పోతుంది. పైన ఆన్‌లైన్ ఎంట్రీలు, సర్వేలు, ఎన్నికల డ్యూటీలు. ఎర్రపెన్నుతో సంతకం పెట్టి వదిలేయక ఏం చేస్తారు?

మా సార్ ఎలా చేశారో చాలా రోజులకు అర్థమైంది. క్లాసులో నాలుగు వరుసలం. అందరమూ వారం వారం రాసేవాళ్లం. సార్ మాత్రం వారానికి ఒక వరుస పుస్తకాలే ఇంటికి తీసుకెళ్లేవారు. ఏ వరుస అన్నది ముందు చెప్పేవారు కాదు. ఈ లెక్కన తరగతికి పది, ఐదు తరగతులకు యాభై పుస్తకాలు, 250 నిమిషాలు. నాలుగు గంటల పది నిమిషాలు. ఇది అయ్యే పనే.

మేం అడుగుతున్నవి:

1. రాతపనుల సంఖ్య తగ్గించండి. పైన చెప్పిన వరుసల పద్ధతో, అలాంటిదే మరొకటో అధికారికంగా ఒప్పుకోండి. తనిఖీకి వచ్చేవాళ్లు ఎన్ని పుస్తకాల మీద సంతకం ఉందని లెక్కపెట్టకుండా, ఏవైనా ఐదు పుస్తకాలు తెరిచి టీచరు ఏం ప్రశ్న రాశారు, పిల్ల దానికి ఏం జవాబు రాసింది చూడాలి. ఆ నాలుగు గంటలు టీచరు టైమ్‌టేబుల్‌లో పని గంటలుగా కనబడాలి, ఇంటికి మోసుకుపోయే మూటగా కాదు.

2. రాతపనికి ఉన్న ఐదు మార్కుల్లో రెండు మార్కులు తిరగరాసినదానికి ఇవ్వండి. మొదటి ప్రతి, టీచరు ప్రశ్న, రెండో ప్రతి మూడూ ఒకే పుస్తకంలో ఉంటే దొంగ మార్కులు వేయడం అంత తేలిక కాదు. ఇంటర్నల్స్ మీద మీకున్న అనుమానానికి కూడా ఇదే మందు అనుకుంటున్నాను.

3. ప్రశ్నపత్రంలో సృజనాత్మకత కింద అడిగేది పిల్లల కంటి ముందరిదై ఉండాలి. "నీటి పొదుపుపై కరపత్రం" బదులు "మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు తెస్తారు, అవి రాని రోజు ఏం జరుగుతుంది" అని అడిగితే గైడు ఏం చేస్తుంది? దిద్దేవారికిచ్చే సూచనల్లో సొంత వివరానికి మార్కులని స్పష్టంగా రాయండి. (ఒత్తులకు రెండు మార్కులు కోయడం గురించి కూడా ఒకసారి ఆలోచించండి. ఇది నా సొంత బాధ.)

4. ప్రాజెక్టుకు ప్రింట్లు తీసుకోకండి. చేతిరాతతో రెండు పేజీలు చాలు. ఎవరిని అడిగి తెలుసుకున్నారో, ఎక్కడ, ఏ రోజు మాట్లాడారో అందులో ఉండాలి. అట్టలు, మెరుపు కాగితాలు, రంగు పెన్నులు అక్కర్లేదు.

5. ఇంటర్‌లో రెండో భాష ఏది తీసుకున్నా, ఏడాదికి రెండు సొంత రాతలైనా ఉండాలి. అవి పరీక్ష హాల్లో కాదు, క్లాసులో రాయాలి.

6. మా అర్జీకి జవాబు. "పరిష్కరించబడింది" అన్న ఒక్క మాట కాకుండా, ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో జూన్ 12న బడులు తెరిచేలోపు రాసి తెలియజేయండి. చేయలేమన్నా సరే, కారణం రాయండి. దాని మీద మళ్లీ రాస్తాం.

ఇట్లు,
పదకొండుమంది తరఫున,
ఒక డిగ్రీ విద్యార్థిని

జతపరచినవి: నిరుటి అర్జీ, రసీదు నకళ్లు. తొమ్మిదో తరగతి ప్రాజెక్టు ప్రింట్లు ఆరు (మూడో పేజీ చూడగలరు). చింతచెట్టు ఆత్మకథ, రెండు ప్రతులు. బడి గోడ అవతలి ఒగ్గుకథ తాతతో ఆ ఆరుగురు పిల్లలు పోయిన ఆదివారం మాట్లాడి చేత్తో రాసిన పేజీలు పన్నెండు, ఇంకా ఎవరూ దిద్దనివి.